విశాఖ పెట్టె కొలంబోలో ఎందుకు దిగాలి?

భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన రొయ్యలను ప్లాంటులో శుభ్రం చేసి, గడ్డకట్టించి, అట్టపెట్టెల్లో సర్ది నలభై అడుగుల శీతల కంటైనర్‌లోకి ఎక్కిస్తారు. రీఫర్ అని పిలిచే ఈ కంటైనర్ లోపల సున్నాకు దిగువన 18 డిగ్రీల చలి చెడకుండా ఉండాలి. లారీ మీద ఉన్నంతసేపూ జనరేటర్, రేవు యార్డులో దిగాక కరెంటు ప్లగ్గు, ఓడ ఎక్కాక ఓడలోని ప్లగ్గు దాన్ని కాపాడుతుంటాయి. విశాఖలో ఎక్కించుకున్న ఓడే దాన్ని గమ్యం దాకా మోసుకుపోతుందా అంటే, చాలాసార్లు పోదు. కొలంబోలోనో, సింగపూర్‌లోనో, మలేసియాలోని పోర్ట్ క్లాంగ్‌లోనో దించేస్తుంది. అక్కడ మళ్లీ యార్డు, మళ్లీ ప్లగ్గు, కొన్నాళ్ల ఎదురుచూపు, ఆ తర్వాత అంతకు ఎన్నో రెట్లు పెద్దదైన మరో ఓడ. ఇది విన్నవాళ్లెవరైనా అడిగేది ఒకటే. ఆంధ్ర తీరమే పాత కొలతల ప్రకారం 974 కిలోమీటర్లు ఉంది కదా, విశాఖ అంత మంచి రేవు ఉంది కదా, మన పెట్టె పరాయి రేవులో దిగి ఓడ మారడమేమిటి?

ప్రశ్న న్యాయమైనదే. ఓడ మారాల్సిన భారతీయ సరుకులో దాదాపు 75 శాతం విదేశీ రేవుల్లోనే మారుతోందని, అందులో 85 శాతానికి పైగా కొలంబో, సింగపూర్, క్లాంగ్ ఈ మూడే పంచుకుంటున్నాయని కేంద్ర ప్రభుత్వమే చెబుతూ వచ్చింది. (ఇది మన మొత్తం సరుకులో 75 శాతం కాదు, ఓడ మారే సరుకులో మాత్రమే. ముంబయి పక్కనున్న నవషేవా నుంచి, గుజరాత్‌లోని ముంద్రా నుంచి ఎన్నో పెట్టెలు నేరుగానే వెళుతున్నాయి. పత్రికల్లో ఈ తేడా తరచూ చెరిగిపోతుంటుంది.) సాధారణంగా వినిపించే జవాబులు మూడు: మన రేవులకు లోతు లేదు, మన అధికారులకు చురుకు లేదు, మన ప్రభుత్వాలకు ముందుచూపు లేదు. ఒక్కోదానిలో కొంత నిజం ఉంది. అయితే మూడూ సరిదిద్దినా విశాఖ సింగపూర్ కాదు. ఎందుకు కాదో తెలియాలంటే రేవును విడిగా కాకుండా, ఓడలు తిరిగే దారుల వలలో ఒక ముడిగా చూడాలి.

పెట్టె రాకముందు ఓడ మారే మాటే లేదు

1956 ఏప్రిల్ 26న అమెరికాలోని నెవార్క్ రేవు నుంచి ‘ఐడియల్ ఎక్స్’ అనే పాత చమురు ఓడ డెక్కు మీద 58 పెట్టెలు పెట్టుకుని హ్యూస్టన్‌కు బయల్దేరింది. ఆ ఆలోచన మాల్కం మెక్లీన్ అనే లారీల యజమానిది. అప్పటిదాకా ఓడకు సరుకు ఎక్కించడమంటే బస్తా బస్తా, పీపా పీపా, కట్ట కట్టగా కూలీలు మోసి, ఓడ కడుపులో పేర్చడం. అలా విడి సరుకు ఎక్కించడానికి ఆ రోజుల్లో టన్నుకు 5.86 డాలర్లు అవుతుంటే, పెట్టెల్లో ఎక్కిస్తే 16 సెంట్ల లోపే తేలింది. అంటే ఖర్చు ముప్పై ఆరో వంతుకు పడిపోయింది. 1960ల చివరికల్లా పెట్టె కొలతలు ప్రపంచమంతటా ఒకటయ్యాయి. వెడల్పు ఎనిమిది అడుగులు, పొడవు ఇరవై లేదా నలభై. పెట్టె ఎనిమిది మూలల్లోనూ కోలగా కన్నాలున్న ఉక్కు దిమ్మలుంటాయి. క్రేను నుంచి దిగిన చట్రం పై నాలుగు కన్నాల్లోకి నాలుగు కొక్కేలను దూర్చి, వాటిని పావు చుట్టు తిప్పి బిగిస్తుంది. పెట్టె లేస్తుంది, పక్కకు జరుగుతుంది, దిగుతుంది. ఒక్కో పెట్టెకు పట్టేది రెండు మూడు నిమిషాలు. లోపల రొయ్యలున్నాయా, మందుబిళ్లలున్నాయా, గ్రానైట్ పలకలున్నాయా అన్నది క్రేనుకు అనవసరం.

కంటైనర్ కథ చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడ సరుకు రవాణా చవకైందని చెప్పి ఊరుకుంటారు. రేవుల భూగోళాన్ని మార్చిన విషయం మరొకటి. విడి సరుకు రోజుల్లో నడిదారిలో ఓడ మార్చాలంటే సరుకంతా మళ్లీ కూలీల చేతుల మీదుగా దిగి, మళ్లీ ఎక్కాలి. రోజులకు రోజులు పడుతుంది, సగం పగులుతుంది, కొంత మాయమవుతుంది. తప్పనిసరైతే తప్ప ఎవరూ ఆ పనికి పూనుకోరు. దించడం, ఎక్కించడం కారుచవకయ్యాకే ‘ఇక్కడ దించి, అక్కడి ఓడకు ఎక్కిద్దాం’ అన్న ఆలోచనకు అర్థం వచ్చింది. దారిని మధ్యలో విరవవచ్చని తేలింది. ఓడ మార్పిడి మీదే బతికే రేవులు పుట్టింది అలాగే. అంతకుముందు సింగపూర్, కొలంబో పేరున్న రేవులు కావని కాదు. కానీ అక్కడ ఓడలు ఆగింది ఎక్కువగా బొగ్గుకు, చమురుకు, మంచినీళ్లకు, చుట్టుపక్కల పండే రబ్బరుకూ తేయాకుకూ. వేరేవాళ్ల సరుకును ఒక ఓడ నుంచి మరో ఓడకు మార్చడమే అసలు వృత్తి కావడం పెట్టె వచ్చాక జరిగిన సంగతి. అదే కాలంలో నగరం నడిబొడ్డున, పెట్టెలు పరచడానికి చోటు లేని రేవులు ఆరిపోయాయి. లండన్ పాత డాకులన్నీ 1980ల మొదట్లోకల్లా మూతపడ్డాయి. అంతకుముందు పెద్దగా ఎవరూ లెక్కపెట్టని ఫెలిక్స్‌టో బ్రిటన్‌లో అతిపెద్ద కంటైనర్ రేవు అయింది.

పెద్ద ఓడ ఎందుకు ఆగదు

నేటి అతిపెద్ద కంటైనర్ ఓడ పొడవు 400 మీటర్లు, వెడల్పు 61 మీటర్లు. ఇరవై అడుగుల పెట్టెను ఒకటిగా, నలభై అడుగులదాన్ని రెండుగా లెక్కవేస్తే 24 వేలకు పైగా పడతాయి. ఈ లెక్కనే టీఈయూ అంటారు. ఇక మీదట పెట్టెల సంఖ్య చెప్పినప్పుడల్లా అదే కొలత అనుకోండి. రెండింతల సరుకు మోసే ఓడకు రెండింతల ఇనుము అక్కర్లేదు, రెండింతల ఇంధనమూ అక్కర్లేదు, సిబ్బంది అయితే ఇరవై పాతికమందితోనే సరి. అందుకని నిండుగా నడిచినంతకాలం, ఓడ పెరిగేకొద్దీ పెట్టెకు పడే ఖర్చు తగ్గుతుంది. మెలిక అంతా ఆ ‘నిండుగా’లోనే ఉంది. అంత ఓడను నింపాలంటే చాలా ఊళ్ల సరుకు ఒకచోట చేరాలి. చేర్చడానికి అదే ఊరూరా తిరిగితే, రేవులో నిలబడిన ప్రతి రోజూ నష్టమే. ఓడ నడిస్తేనే రాబడి.

మనకు బాగా తెలిసిన రైళ్లనే తీసుకోండి. కైకలూరు మనిషి ఢిల్లీ వెళ్లాలంటే కైకలూరులోనే ఢిల్లీ రైలు ఆగాలని పట్టుబట్టడు. బెజవాడ దాకా ఏ ప్యాసింజరో ఎక్కి, అక్కడ పెద్ద రైలు పట్టుకుంటాడు. ఢిల్లీ రైలు ప్రతి ఊళ్లోనూ ఆగితే ఎక్కేవాళ్లు పెరుగుతారేమో గానీ, అది ఢిల్లీ చేరేసరికి ఎక్కినవాళ్లకు ఓపిక నశిస్తుంది. బెజవాడ జంక్షన్‌కు ఆ పేరు తెచ్చింది ఊరి జనాభా కాదు. ఉత్తరానికీ దక్షిణానికీ పోయే లైన్లు, గుంటూరు వైపు, మచిలీపట్నం, భీమవరం వైపు పోయే లైన్లు అక్కడ కలుస్తాయి కాబట్టి, ఒక రైలు దిగినవాడికి మరో రైలు దొరుకుతుంది. సముద్రం మీద పెద్ద ఓడను తల్లి ఓడ అని, చిన్న రేవుల నుంచి పెట్టెలు తెచ్చి దానికి అందించేదాన్ని ఫీడర్ అని అంటారు. ఈ రెండూ కలిసే చోటును ఈ అధ్యాయంలో జంక్షన్ రేవు అందాం.

జంక్షన్ ఎందుకు లాభమో చిన్న కూడికతో తేలుతుంది. ఇటు దక్షిణాసియాలో 20 రేవులు, అటు యూరప్‌లో 30 రేవులు ఉన్నాయనుకుందాం. ప్రతి రేవు నుంచి ప్రతి రేవుకూ నేరుగా ఓడ నడపాలంటే 600 సర్వీసులు కావాలి. అన్నీ సగం ఖాళీగా, నెలకోసారి నడుస్తాయి. మధ్యలో ఒక జంక్షన్ పెడితే ఇరవై, ముప్పై కలిపి 50 చాలు. నిండుగా, వారంవారం నడపవచ్చు. ఎగుమతిదారుకు కావలసింది కూడా వారంవారం తప్పని ఓడే. ఇందులో ఇంకో లెక్క ఉంది. తూర్పు ఆసియా నుంచి యూరప్ వెళ్లి తిరిగి రావడానికి మామూలు రోజుల్లో పదకొండు పన్నెండు వారాలు పడుతుంది. వారానికొక ఓడ ఇస్తామని మాట ఇచ్చిన సంస్థ ఆ ఒక్క దారిలోనే పదకొండు పన్నెండు ఓడలను వరసగా తిప్పుతూ ఉండాలి. దారి మధ్యలో ఆగే రేవులు పెరిగి ప్రయాణం ఒక వారం సాగితే, మాట నిలబెట్టుకోవడానికి ఇంకో ఓడ దించాలి. అందుకే ఒక్క అదనపు మజిలీ గురించి కూడా ఓడల సంస్థలు అంతగా లెక్కలు వేస్తాయి.

దారి ఎక్కడుంది, మనం ఎక్కడున్నాం

పటం తెరిచి షాంఘై నుంచి రోటర్‌డాం దాకా వేలితో గీస్తూ పోండి. వేలు మలక్కా జలసంధిలోకి దిగుతుంది, శ్రీలంక దక్షిణ కొసను రాసుకుంటూ అరేబియా సముద్రం దాటుతుంది, బాబ్ ఎల్ మందెబ్ సందులోంచి ఎర్రసముద్రంలోకి, సూయజ్ కాలువ గుండా మధ్యధరాలోకి, జిబ్రాల్టర్ నుంచి అట్లాంటిక్‌లోకి వెళుతుంది. జంక్షన్ రేవుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క గీత మీదే ఉన్నాయి. మలక్కా దగ్గర సింగపూర్, తంజుంగ్ పెలెపాస్, క్లాంగ్, శ్రీలంకలో కొలంబో, ఒమన్‌లో సలాలా, సూయజ్ ముఖంలో పోర్ట్ సయీద్, మధ్యధరా నడుమ మాల్టా, ఇటలీలో జోయియా తౌరో, జిబ్రాల్టర్‌కు ఇటు స్పెయిన్‌లో అల్హెసిరాస్, అటు మొరాకోలో టాంజియర్ మెడ్. మాల్టా, సలాలా, జోయియా తౌరో లాంటివాటి వెనక చెప్పుకోదగ్గ పరిశ్రమ లేదు, పెద్ద జనాభా లేదు. అవి దారి పక్కన ఉన్నాయి. 2024లో సింగపూర్‌లో చేతులు మారిన 4 కోట్ల పైచిలుకు పెట్టెల్లో ఎనభై శాతానికి పైగా ఆ ద్వీపం వాడుకునేవీ కావు, తయారుచేసేవీ కావు.

బంగాళాఖాతం ఆ గీతకు ఉత్తరాన, ఒకవైపే తెరిచిన సంచిలా ఉంది. లోపలికి వెళ్లిన ఓడ వెళ్లిన దారినే బయటికి రావాలి. సింగపూర్ నుంచి సూయజ్ పోతున్న తల్లి ఓడ విశాఖను తాకి వెళ్లాలంటే కనీసం రెండు రోజుల చుట్టుదారి, దానిపై రేవులో గడిపే సమయం. వేల పెట్టెలు కాచుకుని ఉంటే ఆ చుట్టు గిట్టుతుంది. వందల్లో ఉంటే గిట్టదు. చెన్నై, కోల్‌కతా, చట్టోగ్రామ్ అన్నిటికీ ఇదే ఇబ్బంది. హుగ్లీ, కర్ణఫూలి నదుల మీద ఉన్న చివరి రెండు రేవులకు లోతు కూడా లేదు కాబట్టి వాటికి పెద్ద ఓడ మాటే లేదు. విశాఖకు ఆ నింద వేయలేం. అక్కడి కంటైనర్ టెర్మినల్‌లో పదిహేను మీటర్ల పైచిలుకు లోతుంది. లోతు లేకపోవడమే కారణమైతే విశాఖ ఎప్పుడో జంక్షన్ అయి ఉండాల్సింది.

‘అయితే మన చేతగానితనమే కారణం’ అనేవాళ్లకూ విశాఖే జవాబు. ప్రపంచ బ్యాంకు కంటైనర్ రేవుల పనితీరు మీద వేసే పట్టికలో 2023 సంవత్సరానికి విశాఖకు 19వ స్థానం వచ్చింది. ఓడ వచ్చాక ఎంత త్వరగా పని ముగించి పంపుతున్నారన్నదే ఆ పట్టికకు కొలమానం. ప్రపంచంలోని వందల రేవుల్లో పందొమ్మిదోది అంటే సామాన్యం కాదు. అయినా విశాఖలో ఏడాదికి దిగి ఎక్కే పెట్టెలు పది లక్షల లోపే. కొలంబోలో డెబ్బై లక్షలు దాటతాయి. పని బాగా చేయడం వేరు, పని వెతుక్కుంటూ రావడం వేరు.

చోటు ఉంటే చాలదు

ఇంతవరకూ చదివితే అంతా భూగోళం రాసిపెట్టిన రాత అనిపించవచ్చు. కాదని చెప్పడానికి శ్రీలంకలోనే సాక్ష్యం ఉంది. 2010లో తెరిచిన హంబన్‌తోట రేవు కొలంబో కంటే కూడా ఓడల దారికి దగ్గర, పది నాటికల్ మైళ్లే. కొత్త రేవు, లోతైన రేవు. అయినా తల్లి ఓడలు దాన్ని పక్కన పెట్టుకుని కొలంబోకే పోయాయి. అప్పు భారమై 2017లో శ్రీలంక దాన్ని చైనా సంస్థకు 99 ఏళ్ల లీజుకు ఇచ్చింది. చాలాకాలం అక్కడ చెప్పుకోదగ్గ పని కార్లు ఒక ఓడ నుంచి మరో ఓడకు మారడమే. కారణం ఊహించడం కష్టం కాదు. కొలంబోలో దిగిన పెట్టెకు ఆ వారంలోనే చట్టోగ్రామ్‌కో, చెన్నైకో, విశాఖకో పోయే ఫీడర్ దొరుకుతుంది. హంబన్‌తోటలో దొరకదు. ఫీడర్లు లేవు కాబట్టి తల్లి ఓడలు రావు, తల్లి ఓడలు రావు కాబట్టి ఫీడర్లు రావు. జంక్షన్‌కు ముడిసరుకు తీరం కాదు, లోతు కాదు, మిగతా ఓడలే. ముందు ఎవరు వచ్చి కూర్చుంటే వాళ్ల చుట్టూ మిగతావి చేరతాయి. మన కొచ్చిలో 2011లో ఓడ మార్పిడి కోసమే అని తెరిచిన వల్లార్‌పాడం టెర్మినల్ కూడా దారికి దూరమేమీ కాదు. అక్కడ పూడిక తీత ఖర్చు అదనపు భారం అయిన మాట నిజమే గానీ, అసలు లోటు మాత్రం అదే. కలవాల్సిన ఓడలు అప్పటికే కొలంబోలో కలుస్తున్నాయి.

అలాగని, ముందు వచ్చినవాడికే శాశ్వత పట్టా అనుకోవడం కూడా పొరపాటే. సింగపూర్‌కు అది అనుభవంలోకి వచ్చింది. జొహోర్ జలసంధికి అవతల, మలేసియా గడ్డ మీద తంజుంగ్ పెలెపాస్ అనే రేవు 1999 చివర్లో పని మొదలుపెట్టింది. అప్పటికి సింగపూర్‌కు అతిపెద్ద ఖాతాదారు డెన్మార్క్ సంస్థ మెర్స్క్. మలేసియా వాళ్లు దానికి తక్కువ ధరతో పాటు రేవులో 30 శాతం వాటా ఇచ్చారు. 2000లో మెర్స్క్ మూటాముల్లె సర్దుకుని అవతలి ఒడ్డుకు మారిపోయింది. రెండేళ్లకు తైవాన్ సంస్థ ఎవర్‌గ్రీన్ అదే దారి పట్టింది. 2000లో 1.7 కోట్లున్న సింగపూర్ పెట్టెల లెక్క 2001లో దాదాపు 1.55 కోట్లకు జారింది. ఆ ఏడు ప్రపంచ వాణిజ్యమే నీరసించింది కాబట్టి తప్పంతా పెలెపాస్‌ది అనలేం. కానీ సింగపూర్ ఎంత కంగారుపడిందో ఆ తర్వాత చేసిన పనులే చెబుతాయి. రుసుములు తగ్గించింది. అప్పటిదాకా ఒప్పుకోని పని ఒకటి చేసింది. ఓడల సంస్థలతో కలిసి ఉమ్మడి టెర్మినళ్లు పెట్టింది. 2003లో చైనా సంస్థ కాస్కోతో, 2006లో ఎంఎస్‌సీతో. ఓడ మార్పిడి సరుకుకు ఊరూ పేరూ లేదు. ఈ ఒడ్డున మారినా ఆ ఒడ్డున మారినా సరుకు యజమానికి తేడా తెలియదు, చాలాసార్లు ఎక్కడ మారిందో కూడా పట్టదు. నిర్ణయం ఓడల సంస్థది.

కోబే కథ ఇంకా కఠినం. 1995 జనవరి 17 తెల్లవారుజామున భూకంపం జపాన్‌లోని ఆ రేవును తుక్కు చేసింది. అప్పటికి అది ప్రపంచంలో ఆరో పెద్ద కంటైనర్ రేవు. జపాన్ వాళ్లు రెండేళ్లలో రేవును తిరిగి నిలబెట్టారు. గట్లు వచ్చాయి, క్రేన్లు వచ్చాయి, ఒసాకా, కోబే చుట్టుపక్కల ఫ్యాక్టరీల సొంత సరుకు చాలామటుకు వచ్చింది. రానిది ఓడ మార్పిడి సరుకు. ఆ రెండేళ్లలో అది దక్షిణ కొరియాలోని బుసాన్‌కు అలవాటు పడింది, అక్కడ ఫీడర్లు కుదురుకున్నాయి, ధర కూడా తక్కువ. కోబే మళ్లీ ప్రపంచంలోని మొదటి పది రేవుల్లో ఎన్నడూ చేరలేదు. ఒకే రేవులో, ఒకే ఉత్పాతం తర్వాత, రెండు రకాల సరుకు రెండు విధాలుగా నడుచుకోవడాన్ని ఇంతకంటే స్పష్టంగా చూపించే ఉదాహరణ నాకు కనబడదు. వెనకనున్న ఊళ్ల సరుకు రేవును అంటిపెట్టుకుని ఉంటుంది. దారిన పోయే సరుకుకు ఆ బంధం లేదు.

మరి విళింజం మాటేమిటి?

ఇక్కడ ఎవరైనా అడ్డు తగిలితే అది విళింజం పేరు చెప్పే. కేరళ దక్షిణ కొసన ఉన్న ఈ రేవులో 2024 జులైలో మొదటి తల్లి ఓడ ఆగింది. వాణిజ్యపరంగా పని మొదలైన తొలి ఏడాదిలోనే పది లక్షల పెట్టెలు దాటాయి. వల్లార్‌పాడం ఓడిన చోటికి రెండు వందల కిలోమీటర్ల దక్షిణాన ఇది గెలిచింది కదా, ఓడలు ముందే ఎక్కడో కలుస్తుంటే కొత్త రేవుకు చోటు లేదన్న వాదన ఏమైంది? తవ్వకుండానే పద్దెనిమిది ఇరవై మీటర్ల లోతు, దారికి పది నాటికల్ మైళ్ల దూరం అనేవి తోడ్పడ్డాయి. అయితే ఆ రెండూ హంబన్‌తోటకూ ఉన్నవే. తేడా ఏమిటంటే విళింజానికి ప్రపంచంలో అతిపెద్ద ఓడల సంస్థ ఎంఎస్‌సీ మొదటి నుంచీ వచ్చి కూర్చుంది. తల్లి ఓడలూ దానివే, ఫీడర్లూ దానివే. అది రెండింటినీ ఒకేచోటికి తేగలదు, ‘నువ్వు ముందంటే నువ్వు ముందు’ అన్న చిక్కు దానికి లేదు. రోడ్డు, రైలు కూడా సరిగా కుదరకముందే రేవు నిండిపోయింది, ఎందుకంటే సముద్రం నుంచి వచ్చిన పెట్టె సముద్రానికే పోతోంది. కాబట్టి విళింజం ఈ వాదనను కొట్టేయడం లేదు. జంక్షన్‌ను నిలబెట్టేది ఓడల సంస్థ అని గట్టిగా చెబుతోంది. పెలెపాస్‌కు మెర్స్క్ ఎలా వచ్చిందో గుర్తుంటే, అలాంటి సంస్థ ఒక రోజు వేరే ఒడ్డు చూసుకోగలదని కూడా గుర్తుండాలి.

ఇంతకీ జంక్షన్ కాకపోవడం వల్ల మనకు నష్టమెంత? రెండుసార్లు అదనంగా ఎత్తి దించే రుసుము, కొలంబోలో పడిగాపులు, రద్దీ సమయంలో వారం పైగా ఆలస్యం. రొయ్యల ఎగుమతిదారుకు ఇవి చిన్న విషయాలు కావు. కానీ వీటికి మందు విశాఖను జంక్షన్ చేయడం కాదు, విశాఖ నుంచే తల్లి ఓడను నింపగలిగేంత సరుకును పోగుచేయడం. ఇక్కడ హైదరాబాద్ సంగతి చూడాలి. తెలంగాణకు తీరం లేదు. కృష్ణపట్నం, విశాఖ, చెన్నై మూడూ హైదరాబాద్‌కు ముంబయి కంటే రోడ్డు దారిన దగ్గరే. అయినా సనత్‌నగర్ కంటైనర్ డిపో నుంచి మందుల పెట్టెలు ఎన్నో రైలెక్కి పడమటికి, నవషేవాకు పోతాయి. యూరప్‌కూ అమెరికాకూ నేరుగా పోయే తల్లి ఓడలు అక్కడ దొరుకుతాయి కాబట్టి. సముద్రం మీది వల నేల మీది దూరాలను కూడా ఇలా వంచేస్తుంది. హైదరాబాద్ సరుకులో, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, విదర్భ సరుకులో పెద్ద వాటా తూర్పుకు మళ్లితే విశాఖకు పెద్ద ఓడ రావడానికి ఎవరినీ బతిమాలాల్సిన పని ఉండదు. మళ్లించేది రైలు బండి వేళలు, కిరాయి, ఖాళీ పెట్టెలు చేతికందే తీరు. వార్తల్లో రిబ్బన్ కత్తిరింపులకు అంతగా పనికిరాని విషయాలివి.

రేవుల పటం ఎంత త్వరగా తిరగబడుతుందో 2023 చివరి నుంచి చూస్తున్నాం. యెమెన్ హౌతీల దాడులతో కంటైనర్ ఓడలు ఎర్రసముద్రం వదిలి, ఆఫ్రికా దక్షిణ కొస చుట్టి పోవడం మొదలుపెట్టాయి. పది రోజుల నుంచి రెండు వారాల అదనపు ప్రయాణం. సూయజ్ కాలువ రాబడి 2023లో వెయ్యి కోట్ల డాలర్ల పైన ఉండగా, 2024లో దాదాపు నాలుగు వందల కోట్లకు పడింది. జెద్దా, గ్రీసులోని పిరేయస్ లాంటి రేవులు ఒక్కసారిగా దారికి దూరమయ్యాయి. జిబ్రాల్టర్ దగ్గరి టాంజియర్ మెడ్‌కు మాత్రం కలిసొచ్చింది. ఆ ఏడాది అక్కడ కోటి పెట్టెలు దాటాయి. 2024 మధ్యలో సింగపూర్ బయట ఓడలు రోజుల తరబడి లంగరు వేసుకుని నిలబడ్డాయి. ఈ రేవుల్లో ఎక్కడా ఒక రాయి కదలలేదు, ఒక క్రేను పాడవలేదు. దారి మారింది, అంతే.

ఇవన్నీ తెలిశాక గ్రేట్ నికోబార్ ద్వీపంలోని గలతియా బే ప్రాజెక్టును ఎలా చూడాలి? నలభై వేల కోట్ల రూపాయల పైచిలుకు అంచనాతో, మలక్కా ముఖాన ఓడల దారికి నలభై నాటికల్ మైళ్ల దూరంలో జంక్షన్ రేవు కట్టాలన్నది ప్రణాళిక. చోటు బ్రహ్మాండం, లోతు సహజం. కానీ వెనక ఒక్క ఫ్యాక్టరీ లేదు, ఒక్క రైలు లేదు, సొంత సరుకు సున్నా. ఉన్నది వర్షారణ్యం, షాంపెన్, నికోబారీ ప్రజలు, పెద్ద సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం, 2004 సునామీ నాడు నాలుగు మీటర్లు కుంగిన నేల. దేశ రక్షణ కోసం అక్కడ ఉనికి అవసరమన్నది వేరే వాదన, దాని బలాబలాలు వేరే చోట తేల్చుకోవాలి. వాణిజ్యం పేరుతో చెబుతున్నప్పుడు మాత్రం అడగాల్సింది లోతు గురించీ దూరం గురించీ కాదు. సింగపూర్‌లోనో, క్లాంగ్‌లోనో, కొలంబోలోనో నేడు కలుస్తున్న తల్లి ఓడలనూ ఫీడర్లనూ రెండింటినీ కలిపి అక్కడికి తెస్తానని సంతకం చేసిన ఓడల సంస్థ ఏది, ఎన్నేళ్లకు చేసింది అని అడగాలి. కాంక్రీటు పోయకముందే అడగాలి.